బాస్కెట్‌బాల్ వల కింద బెంచీ

ఇలా వచ్చి కూర్చో. ఆ సోఫా చేతి మీద కాదు, కింద సరిగ్గా కూర్చో. కాళ్ళు ఊపకు, నాకు తల తిరుగుతుంది. ఫోన్ బోర్లా పెట్టి లాప్‌టాప్ తెరువు. వింటే సరిగ్గా విను, లేకపోతే లేచి వెళ్ళు. నేను చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యాలి, మధ్యలో నీ తెలివి పెట్టి అందంగా చెయ్యకు. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత. అందంగా రాశావంటే అది అబద్ధమైపోతుంది.

నేను గుంటూరులో మిషన్ ఆసుపత్రిలో నర్సు చదివానని నీకు తెలుసు కదా. అమెరికాకి ముందు నేనే వచ్చాను. మీ తాతయ్యని తర్వాత తెచ్చుకున్నాను. ఆయన ఎవరితో చెప్పినా తనే తెచ్చినట్టు చెప్పేవాడు, సరే పోనీ. డెబ్భైల చివర్లో ఈ ఇర్వింగ్ ఊళ్ళోనే అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఇప్పుడు నువ్వు చూస్తున్న అద్దాల బిల్డింగులు అప్పుడెక్కడివి? అటువైపు అంతా ఎండిపోయిన గడ్డి. నాకు హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం. స్కూళ్ళకి వెళ్ళి పిల్లలకి టీకాలు వెయ్యడం.

ఆ ఏడాది హైస్కూల్ ఆడపిల్లలకి రుబెల్లా టీకా వెయ్యమన్నారు. రుబెల్లా అంటే చిన్న జబ్బే, ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి, కాస్త జ్వరం, పోతుంది. కానీ కడుపుతో ఉన్న మనిషికి వస్తే లోపలున్న బిడ్డని పట్టుకుంటుంది. గుంటూరులో నా చేతులతో నీళ్ళు పోశాను అలాంటి పిల్లాడికి. కంటిపాప మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర. వాళ్ళమ్మ రోజంతా వాడి మొహం ముందు గాజులు ఆడించేది, చూస్తాడేమోనని. వాడు చూడడు. ఆ చప్పుడన్నా వింటున్నాడేమో అనుకునేది. అదీ లేదు. కాబట్టి ఆ టీకా అంటే నాకు భక్తి, తల్లీ. నేను అసహ్యపడింది టీకాని కాదు, అది వేసిన పద్ధతిని. అది ముందే రాసుకో.

"అమ్మమ్మా, మరి పద్ధతిలో ప్రాబ్లమ్ ఏంటి?"

చెప్తున్నా కదా, ఆగు. ఆ టీకా కడుపుతో ఉన్నవాళ్ళకి వెయ్యకూడదు. వేశాక మూడు నెలలు కడుపు రాకూడదు. అప్పట్లో అదీ రూలు. కాబట్టి సూది వేసేముందు ప్రతి పిల్లనీ ఒక మాట అడగాలి. నువ్వు కడుపుతో ఉన్నావా, ఉండే అవకాశం ఏమైనా ఉందా, పోయిన నెల నెలసరి ఏ తేదీన వచ్చింది అని. అడగాల్సిందే, తప్పులేదు. కానీ ఎక్కడ అడిగించారనుకున్నావు? జిమ్‌లో.

పెద్ద జిమ్. నేల మీద వార్నిష్ వాసన, షూల రబ్బరు వాసన, దాని మీద చెమట వాసన. ఆడపిల్లలందర్నీ క్లాసుల నుంచి తెచ్చి గోడ వెంబడి లైన్‌లో నిలబెట్టారు. ఎదురుగా మెట్ల సీట్ల మీద మగపిల్లలు. వాళ్ళకి అదే టైమ్‌కి పీఈ, అంటే ఆటల క్లాసట, ఎక్కడికి పంపిస్తాం అన్నారు. వాళ్ళ కోచ్ ఆ లైన్‌కి పెద్ద. మెళ్ళో ఈల, దవడలో పొగాకు ముద్ద, చేతిలో కాగితం కప్పు. మాట్లాడేముందు ఒకసారి ఆ కప్పులో ఉమ్మేవాడు, మాట్లాడాక ఇంకోసారి. ఛీ. ఆ కప్పు తీసుకెళ్ళి దూది డబ్బాల పక్కనే పెట్టేవాడు. నేను తీసి కింద పెడితే మళ్ళీ తెచ్చి పెట్టేవాడు.

మేం ముగ్గురు నర్సులం. మొదటి కుర్చీ నాది, అడిగే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోడానికి ఎవరికీ ఇష్టం లేదు. మా పెద్ద నర్సు "నీ గొంతు మెత్తన, హనీ, నువ్వు అడుగు" అంది. రెండో నర్సు చేతిలో టీకా సూది. మా పెద్ద నర్సు దూది పెట్టి పంపించేది.

నేను కోచ్ దగ్గరికి వెళ్ళి, "ఇది అందరి ముందు అడిగే మాట కాదండీ, ఒక గది ఇవ్వండి, కనీసం ఒక తెర ఇవ్వండి" అన్నాను.

వాడు కప్పులో ఉమ్మి, "మేడమ్, ఇది జిమ్. హాస్పిటల్ కాదు. బస్సులొచ్చే లోపల అయిపోవాలి," అని, ఈల ఊది, లైన్ వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "లేడీస్, జవాబు గట్టిగా చెప్పండి. నో అంటే ముందుకి. నో అనలేనివాళ్ళు వెళ్ళి ఆ బెంచీ మీద."

ఆ బెంచీ ఎక్కడుంది? బాస్కెట్‌బాల్ వల కింద, మగపిల్లలకి సరిగ్గా ఎదురుగా.

నేను ఒక్కొక్కళ్ళనీ వంగి చెవి దగ్గర అడుగుతున్నాను. వాళ్ళు కోచ్ భయానికి "నో, మామ్!" అని అరుస్తున్నారు. అరిచినప్పుడల్లా పైనుంచి చప్పట్లు. ఎవరన్నా ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, "ఊఁ..." అని కూతలు. పోయిన నెల తేదీ గుర్తురాక వేళ్ళు లెక్కపెట్టుకుంటున్న ఒక పిల్లని లాక్కెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్ల అక్కడ కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. కోచ్ నవ్వుతున్నాడు. మా పెద్ద నర్సు కూడా నవ్వింది, అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆడది, తల్లి, నవ్వింది.

అప్పుడొచ్చింది మన తెలుగు చర్చి పిల్ల.

వాళ్ళది బాపట్ల వైపు. వచ్చి ఏడాది కూడా కాలేదు. పదిహేనేళ్ళుంటాయేమో. ఆ ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా, మెడదాకా బొత్తాలు, నూనె పెట్టి బిగించిన జడ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆ పిల్లే, గొంతు ఎంత బాగుంటుందో. లైన్‌లో నన్ను చూసి మొహం విప్పారింది. హమ్మయ్య, ఆంటీ ఉంది అని. ఆ నవ్వు నేను మర్చిపోలేను. ఎందుకంటే ఆ నవ్వు మొహాన్నే నేను ఆ మాట అడగాలి.

ఇంగ్లీషులో అడిగాను. నవ్వు పోయింది. తల దించుకుంది.

తెలుగులో మెల్లగా, "లేదని చెప్పమ్మా, ఇంకేం అక్కర్లేదు," అన్నాను.

తల ఇంకా దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. నోట్లోంచి గాలి కూడా రాలేదు.

నీకు అర్థం కాదు, నువ్వు ఇక్కడ పుట్టావు. మన వైపు పెళ్ళికాని పిల్లని మగాళ్ళ ముందు అలాంటి మాట అడగరు. ఎవరన్నా బుద్ధిలేక అడిగితే, ఆ పిల్ల తల దించుకుని ఊరుకోవాలి. అదే జవాబు. తలెత్తి గట్టిగా "లేదు" అందనుకో, "సిగ్గులేకుండా ఎలా జవాబు చెప్పిందో చూడు" అంటారు. వాళ్ళమ్మ పెంచిన పెంపకమంతా ఆ దించుకున్న తలలో ఉంది. ఆ జిమ్‌లో మాత్రం దానికి అర్థం వేరే.

"ఏం చెప్పింది?" అన్నాడు కోచ్.

"లేదని చెప్పింది," అన్నాను.

"నాకు వినపడలేదే."

"మా వాళ్ళలో అలాగే చెప్తారు. ఊరుకుంటే లేదనే."

వాడు ఉమ్మాడు. "నో అనలేదంటే బెంచీ. అందరికీ ఒకటే రూలు."

మా పెద్ద నర్సు వైపు చూశాను. "రూలు రూలే కదా, హనీ" అంది. నేను లేచి అడ్డం నిలబడ్డాను. ఆ పిల్లే నా చెయ్యి తప్పించుకుని వెళ్ళిపోయింది. నా వల్ల ఇంకా గొడవ అవుతోంది, అందరూ చూస్తున్నారు అని. వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు. పైనుంచి ఈలలు.

ఆ వెనకాలే లైన్‌లో ఉంది మన చర్చి సంఘపెద్ద గారి కూతురు. ఇక్కడే పెరిగింది, బబుల్‌గమ్ నములుతూ "నో, మామ్" అని, చెయ్యి చాపి, సూది వేయించుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ బెంచీ వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది, ఇది ఇక్కడితో ఆగదని.

ఆగలేదు. మన చర్చిలో చాడీలు చాడీల్లా తిరగవు తల్లీ, ప్రార్థనగా తిరుగుతాయి. సాయంత్రానికి మా ఇంట్లో ఫోన్ మోగింది. సంఘపెద్ద గారి భార్య.

"వందనాలు సిస్టర్. ఒక బిడ్డ విషయంలో భారంగా ఉంది. మనమందరం ప్రార్థన చెయ్యాలి. పేరు చెప్పను. ఈమధ్యే బాపట్ల నుంచి వచ్చిన కుటుంబం."

"పేరు చెప్పనంటూ ఇంటి అడ్రస్ ఇస్తున్నారేంటండీ?" అన్నాను.

"అయ్యో, మీరు అక్కడే ఉన్నారట కదా సిస్టర్! మీకే బాగా తెలుస్తుంది. ఎన్నో నెలట?"

నేను ఫోన్ పెట్టేశాను. చెయ్యి కడుక్కున్నాను, నిజంగానే, సబ్బు పెట్టి. ఫోన్‌లోంచి ఏదో అంటుకున్నట్టనిపించింది. మీ తాతయ్య నవ్వాడు. ఆవిడ ఊళ్ళో మిగిలిన అందరికీ అదే ప్రార్థన అందించింది. ఎవరికి వాళ్ళు కాస్త కలిపి పక్కవాళ్ళకి ఇచ్చారు. శనివారానికి ఆ పిల్లకి కుర్రాణ్ణి కూడా కనిపెట్టారు, ఫలానా బస్‌లో పక్కన కూర్చుంటాడట అని.

శనివారం సాయంత్రం ఆ పిల్ల తల్లీ తండ్రీ మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. తల్లి ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. తండ్రి మంచివాడే, ఇంజినీరు, నన్ను అక్కా అంటాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"పిల్లని ఇండియా పంపించేస్తున్నానక్కా. మా అమ్మ దగ్గర ఉంటుంది. చదువు చాలు. మా బావ కొడుకున్నాడు, పెళ్ళి మాట్లాడతాను."

"దేనికి?" అన్నాను.

"నువ్వే చూశావు కదక్కా. బెంచీ మీద కూర్చోబెట్టారట."

"పిల్లని అడిగావా, ఎందుకు కూర్చోబెట్టారని?"

"ఎలా అడుగుతాను? తండ్రిని."

చూడు ఎంత చోద్యమో. కూతుర్ని ఒక్క మాట అడగడానికి సిగ్గు. కానీ ఆ మాట చర్చి అంతా చెప్పుకుంటే దాన్ని పట్టుకుని కూతుర్ని ఊరు దాటించడానికి సిగ్గు లేదు. నాకు ఆ కోచ్ కంటే ఎక్కువ రోత పుట్టింది. ఆ కోచ్ ఎవడో, వీడు కన్నవాడు.

జరిగిందంతా చెప్పాను. సిగ్గుపడి తల దించుకుంది, అంతే, ఇంకేం లేదు అని. తల్లి నా చేతులు పట్టుకుంది. తండ్రి మాత్రం ఇంకా నేల చూస్తూ, "నాకు చెప్తే ఏం లాభమక్కా. రేపు చర్చిలో అందరూ లేచి సాక్ష్యం చెప్పే టైమ్‌లో నువ్వు నిలబడి ఆ మాట అందరి ముందు చెప్పు. నర్సువి, నీ మాట నమ్ముతారు. పిల్ల మంచిదని చెప్పేస్తే పంపించను," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మీ తాతయ్య, "చెప్పేస్తే పోయేదానికి ఎందుకు ఆలోచన? ఒక్క ముక్క," అన్నాడు. ఆ ఒక్క ముక్కే నేను చెప్పలేను. ఈ వారం ఒక పిల్ల మంచిదని నేను నిలబడి చెప్తే, వచ్చే వారం ఇంకో పిల్ల గురించి అడుగుతారు. నేనేమన్నా సంతలో పశువులకి ముద్రలు వేసేదాన్నా? చెప్పకపోతే ఆ పిల్ల విమానం ఎక్కుతుంది, చదువూ పోతుంది, పాటా పోతుంది. రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లాను.

మర్నాడు మధ్యాహ్నం ఆరాధన. అమెరికన్ చర్చి వాళ్ళ హాలు మనకి అద్దెకి ఇచ్చేవాళ్ళు. సాక్ష్యం టైమ్‌లో ఆ తండ్రి నా వైపే చూస్తున్నాడు. నేను లేవలేదు. ఆ పిల్ల వెనక వరసలో కూర్చుంది. ఆ రోజు పాట ఎత్తుకోలేదు, ఎత్తుకోమని ఎవరూ అనలేదు కూడా.

తర్వాత పక్క గదిలో భోజనాలు. ఫోమ్ ప్లేట్లు, కోడికూర, పులిహోర, ఎవరో తెచ్చిన గోంగూర. సంఘపెద్ద గారి భార్య పులిహోర వడ్డిస్తోంది. ఆ పిల్ల ప్లేట్ పట్టుకుని దగ్గరికి రాగానే గరిటె ఆపింది. ఆపి, అందరూ వినేట్టు, ఎంతో ప్రేమగా, "మన నర్స్ సిస్టర్ ఏదో చెప్తారని విన్నాం. చెప్పండి సిస్టర్. ఆ బిడ్డకి కూడా మనసు తేలికవుతుంది," అంది.

మగవాళ్ళు నమలడం కూడా ఆపేశారు. వినడానికి ఎంత ఆకలో వాళ్ళకి!

నేను ప్లేట్ కింద పెట్టి ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. స్కూల్లో అడిగినట్టే, కాకపోతే ఈసారి చెవిలో కాదు, కోచ్ కోరినంత గట్టిగా అడిగాను.

"సిస్టర్, మీరు కడుపుతో ఉన్నారా? ఉండే అవకాశం ఏమైనా ఉందా? పోయిన నెల ఏ తేదీన వచ్చింది?"

ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. భర్త పక్కనే ఉన్నాడు, పాస్టర్ అయ్యగారు ఉన్నారు, మగవాళ్ళందరూ ఉన్నారు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. తర్వాత ఏం చేసింది? తల దించుకుంది!

"గట్టిగా చెప్పండి, వెనకాల వాళ్ళకి వినపడట్లేదు," అన్నాను.

ఆవిడ పైట సర్దుకుంటోంది. చెవులు ఎర్రగా, అచ్చం ఆ పిల్ల చెవుల్లాగే.

"సిస్టర్!" అని లేచాడు సంఘపెద్ద. "ఏం మాటలవి? ఇది దేవుని మందిరం!"

"మందిరం అటుపక్క, బ్రదర్. ఇది భోజనాల గది. జిమ్ కంటే నయమే. మీ ఆవిడ జవాబు చెప్పలేదు, చూశారుగా. ఇలా జవాబు చెప్పనందుకే ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈవిడ్ని కూడా కూర్చోబెడదామా? కుర్చీ వెయ్యమంటారా? ఎన్నో నెలో మనమందరం ప్రార్థనలో పెట్టుకుందామా?"

ఎక్కడో ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది. అయ్యగారు దగ్గారు, మంచినీళ్ళు తాగారు, మళ్ళీ దగ్గారు. మీ తాతయ్య ఏం చేశాడో తెలుసా? కోడికూర వేసుకోడానికి వెళ్ళాడు. ఆయన ధైర్యం అంతవరకే.

ఆ పిల్ల తండ్రి వైపు తిరిగాను. "ఇదే నా సాక్ష్యం. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పను. ఎవరి కూతురి గురించీ చెప్పను," అన్నాను. వాడు ఆ ఆడమనిషి దించుకున్న తల వైపు చూశాడు, తన కూతురి వైపు చూశాడు. ప్లేట్ అక్కడే పెట్టేసి, "పదండి ఇంటికి," అన్నాడు. అంతే. కూతురి భుజం మీద చెయ్యి వేశాడా, ఒక మంచి మాట అన్నాడా? ఏం లేదు. కానీ సోమవారం ఆ పిల్ల స్కూల్ బస్ ఎక్కింది. విమానం టికెట్ కొనలేదని వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది.

"వావ్ అమ్మమ్మా! ఆ ఆంటీ సారీ చెప్పిందా?"

సారీనా! నెల తిరక్కుండా నాకే ఫోన్ చేసి, "సిస్టర్, చేపల పులుసులో మీరు మెంతులు వేస్తారా?" అని అడిగింది. ఒక్కళ్ళు కూడా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి తప్పయిందమ్మా అనలేదు. ఆ కుటుంబం మన చర్చికి రావడం మానేసింది. మంచి గొంతు పోయిందే అని మనవాళ్ళే బాధపడ్డారు. ఎవరు పోగొట్టారో తెలియనట్టు! ఇంకా రోతగా లేదూ?

సరే, టీకా సంగతి ఉంది కదా. బెంచీ మీద కూర్చోబెట్టిన వాళ్ళకీ, ఆ రోజు రాని వాళ్ళకీ ఇంకోసారి వెయ్యాలి. మా పెద్ద నర్సుతో, "తెర లేకుండా నేను ఆ కుర్చీలో కూర్చోను, నువ్వు కూర్చో" అన్నాను. ఆవిడ కూర్చుంటుందా? "తెర ఎక్కడుంది, హనీ?" అంది. నేనే తీసుకెళ్ళాను. నా మంగళగిరి చీరలు, మంచి దిట్టమైన నేత, ఇటునుంచి అటు కనపడదు. ఆ జిమ్‌లో వాలీబాల్ నెట్ కట్టే స్తంభాలుంటే వాటికి తాడు కట్టి, చుట్టూ చీరలు వేలాడదీశాను. ఆకుపచ్చదీ, మామిడిపండు రంగుదీ, నా ఈస్టర్ తెల్లచీరా.

కోచ్ వచ్చి, "ఏంటిది, సర్కస్ టెంటా?" అన్నాడు.

"అవును, జోకర్ బయటే ఉండాలి," అన్నాను. నా ఉద్యోగం పోతుందని మా పెద్ద నర్సు వణికింది. పోలేదు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా రాయి. ఆ చీరల వెనకాల ఒక పిల్ల, పసుపు జుట్టు పిల్ల, నేను అడగ్గానే నా చెవిలో "ఉందేమో" అంది. మెల్లగా అంది. బయట లైన్‌లో అందరి ముందు అడిగుంటే ఆ పిల్ల కూడా "నో, మామ్!" అని అరిచేదే. మేం సూది వేసేసేవాళ్ళమే. అంటే ఆ మొదటి రోజు మేం విన్న అరుపులన్నిటిలో ఎన్ని నిజమో దేవుడికే తెలియాలి. ఏ బిడ్డని కాపాడాలని వెళ్ళామో ఆ బిడ్డ గురించే అబద్ధం చెప్పించాం, చప్పట్లు కొట్టించి మరీ.

ఆ పిల్లని వెనక తలుపు నుంచి మా క్లినిక్‌కి పంపించాను. బెంచీ లేదు, ఏమీ లేదు.

తర్వాత మన పిల్ల వచ్చింది. అవే పొడుగు చేతులు, అదే జడ. చీర అంచు పట్టుకుని చూసి, "ఇది మీ ఈస్టర్ చీర కదా ఆంటీ," అంది.

"అవునే. కూర్చో." తెలుగులోనే అడిగాను, మెల్లగా.

ఈసారి తల దించలేదు. నా మొహంలోకే చూసి, "లేదు ఆంటీ," అంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది వేయించుకుని, దూది పట్టుకుని లేస్తూ, "మా నాన్న నన్ను ఇంకా అడగలేదు. మీరే రెండుసార్లు అడిగారు," అంది.

తల నిమిరి పంపించాను. బయటికొచ్చి చూద్దును కదా, ఆ దరిద్రుడు తన కప్పు తెచ్చి సరిగ్గా నా తెల్లచీర అంచు పక్కన పెట్టాడు. నిండా ఉంది, నల్లగా, నురగతో. అప్పటిదాకా అన్నీ మింగాను కానీ ఇంక...

"అమ్మా! అన్నం వడ్డించేశాను, రా! దాన్ని కూడా తీసుకురా, చారు చల్లారిపోతోంది!"

వస్తున్నానే, ఒక్క నిమిషం. టైప్ చెయ్యి తల్లీ, ఆపకు. ఆ కప్పుని రెండు వేళ్ళతో పట్టుకుని, ముక్కు మూసుకుని, వల కింద ఆ బెంచీ దగ్గరికి వెళ్ళాను. మధ్యమధ్యలో వాడు కూర్చునే చోటూ ఆ బెంచీ చివరే, అది చూశాను కదా, సరిగ్గా అక్కడ ఆ కప్పుని...

"అమ్మా! వస్తున్నావా, లేదా?"

వస్తున్నా, వస్తున్నా! పద, మీ అమ్మ అరుస్తోంది, ఇంతకీ ఆ కప్పుని నేను వాడి చోట్లో బోర్లించేశాను, అదీ రాసెయ్.